ఇరుగుపొరుగు: పండ్రెండుగురు కావలెను

గతమాసమున మాకు వచ్చిన యుత్తరములలో నొకటి ఉప్పల్ నుండి వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినందున ప్రకటించుట లేదు. ఆమె కోడలు మాదాపూరులో నొక కంపెనీలో ఉద్యోగము చేయుచుండి, రెండవ కాన్పు పిమ్మట దానిని మానుకొని, ఇకమీదట ఇంటనే యుండి ఫోనులలో వాడుకొను యాప్‌లను స్వయముగా తయారుచేయుదునని చెప్పుచున్నదట. "ఇది యొక పనియేనా? దీనివలన నాలుగు రూకలు వచ్చునా? లేక మూడు నెలలకు విసుగు పుట్టి విడిచిపెట్టు సరదాయా? ఎవరి నడిగినను నవ్వుచున్నారే గాని సమాధానము చెప్పుట లేదు. మీ రేమందురు?" అని ఆ యత్తగారి ప్రశ్న.

తెలియని విషయమున ఊహించి చెప్పుటకంటె చూచి చెప్పుట మేలు. మా మిత్రురాలి మేనకోడ లొకతె నాచారములో రెండేండ్లకు పైగా ఈ పనియే చేయుచున్నదని విని, ఒక శనివారము నాడు ఆమె యింటికి పోయితిమి. ఆమె పేరును, ఆమె వీథిని ఇచట వ్రాయము. ఏల వ్రాయమో ఈ వ్యాసము చివరకు వచ్చునప్పటికి మీకే తెలియగలదు.

2017 నవంబరు నుండి నాగోలు, ఉప్పల్‌ల మీదుగా మెట్రోబండి తిరుగుచుండుటచే హబ్సిగూడ వఱకు ప్రయాణము సుఖముగనే సాగెను. అచట దిగి నాచారమునకు ఆటో నెక్కిన పిమ్మట కష్టము మొదలైనది. ఆ దినము ఉప్పల్ స్టేడియములో క్రికెట్టు ఆట యుండెను. ఆటల దినములలో ఆ వైపు పని పెట్టుకొనవలదని మా సోదరీమణులకు స్వానుభవముచే చెప్పుచున్నాము.

ఒకవైపు కార్ఖానాలు, ఒకవైపు గృహములు గల పేట అది. తలుపు తీసినవారు అత్తగారు. భువనగిరి ప్రాంతము వారు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మేము వచ్చిన పని తెలిసికొని, "మా కోడలు పొద్దుందాక ఇంట్లనే ఉంటదమ్మా, గని చేతికి దొర్కది" అనిరి. నవ్వుచునే చెప్పినను అందులో కొంత నిష్ఠురము లేకపోలేదు. ఉప్పల్ సోదరి యుత్తరములోని బెంగ కూడ ఇదియేనని మాకు తోచినది.

ఆమె కార్యాలయము పడకగదిలో కిటికీ ప్రక్కనున్న కుట్టుమిషను బల్ల. మిషనును లోనికి మడిచి, పైచెక్కను మూసి, దానిమీద ల్యాప్‌టాపు నుంచుకొన్నది. పండుగ ముందు జాకెట్లు కుట్టవలసి వచ్చినపుడు ల్యాప్‌టాపు మంచముమీదికి పోవును. దానికి 16 జీబీల జ్ఞాపకశక్తి కలదు. అంతకు తక్కువైనను పని నడచును గాని, ఒక్కొక్క మార్పు చేసినపుడెల్ల కాఫీ కాచుకొని త్రాగి వచ్చునంత సేపు పట్టునట. బల్ల సొరుగులో, మునుపు దారపుకండెలుండిన చోట, నాలుగు పాత ఫోనులున్నవి. ఒకదాని యద్దము పగిలినది. ఒకటి మిక్కిలి చౌకది. ఒకదానిలో అక్షరములను మిక్కిలి పెద్దవిగా చేసి పెట్టినది. "ఇది మా యత్తగారి కన్ను, పిన్నిగారూ" అని చూపెను. తాను చేసినది ఏదైనను ఆ నాలుగింటిలోను సరిగా కనబడినగాని బయటికి పంపదు.

ఆండ్రాయిడ్ స్టూడియో యను పనిముట్టుతో ఆమె పని చేయును. గూగులు వారు 2014 డిసెంబరులో దాని మొదటి సంపూర్ణప్రతిని విడుదల చేసిరి. దానికి వెల లేదు. వ్రాయు భాష పేరు కోట్లిన్. రష్యాదేశములో సెంట్ పీటర్స్‌బర్గు చెంత నున్న ద్వీపము పేరును దానికి పెట్టిరి. ఇవిగాక గిట్ అను నొక పద్దుపుస్తకము కలదు. 2005 లో లైనస్ టోర్వాల్డ్స్ అను నాయన దీనిని చేసెను. నేడు చేసిన మార్పు రేపు బెడిసికొట్టినచో నిన్నటి స్థితికి పోవుటకు ఇది తోడ్పడును. చారులో ఉప్పు ఎక్కువైనచో వెనుకకు తీయలేము గదా! ఈ పనిలో తీయవచ్చును. మాకు అన్నిటికంటె నచ్చిన పనిముట్టు మాత్రము ఆమె కుమారుని చదరపుగళ్ళ లెక్కల పుస్తకము. ఫోను తెరమీద ఏది ఎక్కడ నుండవలెనో ముందుగా పెన్సిలుతో అందులో గీసికొనును. చెరిపివేసిన గుర్తులతో ఆ పుటలు చిల్లులు పడియున్నవి.

తెలుగు అక్షరములతో ఆమె పడు పాట్లు వినదగినవి. ఇంగ్లీషు అక్షరముల కొలతతో గీసిన గడిలో మన 'రాష్ట్రము' ఇమడదు. క్రింది వత్తులు కత్తెరతో కత్తిరించినట్లు తెగిపోవును. అందుచే ఆమె ప్రతి తెరను మొదట 'స్త్రీ', 'కృష్ణుడు', 'రాష్ట్రము' అను మూడు మాటలతో పరీక్షించును. పెద్ద కంపెనీలకే ఈ తిప్పలు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఐఫోనులలో ఒక విధముగా కూర్చిన మన 'జ్ఞా' అను నక్షరము తెరపైకి వచ్చినంతనే, దానిని చూపు యాప్ కుప్పకూలిపోయెడిది. ఆ నెలలోనే వారు దానిని సరిచేసిరి. జ్ఞానభారమును మోయలేకపోయినవి కాబోలు!

ఆమె మొదట చేసిన యాప్ పిల్లలు ఓనమాలు దిద్దుకొనుటకు. ఉద్యోగములో నుండగనే, కుమారునికి అక్షరాభ్యాసమైన యేట, రాత్రులు కూర్చుండి మొదలుపెట్టినది. అది ముగియునప్పటికి వాడు రెండవ తరగతికి వచ్చి, "అమ్మా, ఇది చిన్నపిల్లలది" అనెనట. అది ఇంటిగడప దాటలేదు.

ఉద్యోగము మానిన పిమ్మట, 2024 లో చేసినది పాల పద్దు. క్యాలెండరు మీద పాలపొట్లములకు గీతలు పెట్టుకొనుట మనకందఱకు అలవాటే. ఆ గీతలనే ఫోనులో పెట్టినది. పాలు, వార్తాపత్రిక, పనిమనిషి రాని దినములు, ఇస్త్రీబట్టలు, ఇంతే. నెల నడుమ పాలధర పెరిగినపుడు, గడచిన దినములకు కూడ క్రొత్త ధరయే పడి బిల్లు తప్పుటచే, ఎవరో యొక గృహిణి ఘాటుగా వ్రాసినదట. ఆ యుత్తరము చదివి ఆమె ఒక పూట యన్నము తినలేదు. మఱునాటికి సరిచేసినది. ఆ యాప్ వ్రాసికొన్న లెక్క ఆ ఫోనులోనే యుండును. ఎవరికిని పోదు. ఇంటర్నెట్టు అనుమతియే అది యడుగదు. మొదట దానిలో ప్రకటనలుంచినది. ఒక నెల వచ్చిన సొమ్ము ఆమె యింటి పాలబిల్లునకే చాలకపోగా, ప్రకటనలను తీసివేసినది. వాడువారు మాత్రము పెరిగిరి. మా యింట కూడ నేడు క్యాలెండరుపై గీతలు లేవు.

ఇక రూకల మాట. మా యుప్పల్ సోదరి దీనిని శ్రద్ధగా చదువవలెను. యాప్‌ను గూగులు వారి ప్లేస్టోరు అంగడిలో నుంచుటకు ఒక్కసారి 25 డాలర్లు కట్టవలెను. ఆపిల్ వారి యంగడికైనచో ఏడాదికి 99 డాలర్లు. అందుచే ఈమె ఆపిల్ వైపు పోలేదు. యాప్ అమ్మినచో అంగడివారికి వంతు పోవును. 2021 జూలైలో గూగులు వారు చిన్న తయారీదారులకు ఆ వంతును నూటికి 30 నుండి 15 కు తగ్గించిరి. ఇంతటితో ఖర్చు తీరదు. ఏటేట ఆండ్రాయిడ్‌కు క్రొత్త ప్రతి వచ్చును. దానికి తగినట్లు యాప్‌ను సవరింపనిచో, క్రొత్త ఫోనులవారికి అది యంగడిలో కనబడకుండ పోవును. ఊరగాయ జాడీని ఒకసారి నింపి అటకమీద పెట్టినచో చాలదు గదా, నడుమ నడుమ తీసి కలియబెట్టుచుండవలెను. అట్టిదే ఇదియును. ఈమెకు ఇల్లు గడచుటకు తోడ్పడు ఆదాయము తన యాప్‌ల వలన వచ్చుట లేదు. హబ్సిగూడలో నొక మిఠాయి దుకాణమునకు, ఉప్పల్‌లో నొక ట్యూషను బడికి కూలిపనిగా చేసియిచ్చిన యాప్‌ల వలన వచ్చుచున్నది. "మూడు దినములు వారి పని, రెండు దినములు నా పని" అని ఆమె లెక్క. ఆ రెండు దినములలో పది గంటలు మొదలు ఒంటిగంట వఱకు తలుపు వేసికొనును. ఆ సమయమున బియ్యము ఎచటనున్నవని యడుగుటకైనను తలుపు తట్టగూడదని అత్తగారితో ఒప్పందము. ఇది కుదురుటకు ఆఱు మాసములు పట్టినదట! మా యుప్పల్ సోదరి తన కోడలికి చేయదగిన సాయము ల్యాప్‌టాపు కొనియిచ్చుటకంటె ఈ మూడు గంటల నిచ్చుట యని మా యభిప్రాయము.

ఆదివారము ఉదయము ఆమెకు వేఱొక వ్యాపకము కలదు. కుమారుని వెంటబెట్టుకొని నాచారము, హెచ్.ఎం.టి. నగరు, ఉప్పల్ సందులవెంట నడచును. ఒకానొకప్పుడు చెఱువుగట్టునకు పోవును. ఊరక నడచుట కాదు. 2004 లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటము కలదు. ప్రపంచములో నెవరైనను తమ వీథిని దానిలో చేర్చవచ్చును. ఈమె తాను నడచిన సందుల పేర్లను, కిరాణా దుకాణములను, మంచినీటి నల్లాలను తెలుగు పేర్లతో దానిలో చేర్చును. పటములపై నీ ప్రీతి ఎచటనుండి వచ్చినదని యడిగితిమి. చిన్నతనమున బడికి పోవు దారిలో ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా వారి ఆవరణ యుండెడిదట. 1767 లో మొదలైన ఆ శాఖ యుద్యోగులు గొలుసులతో, దుర్భిణులతో దేశమునెల్ల కొలిచిరని తండ్రి చెప్పగా, ఆ గోడ ప్రక్క నడచునపుడెల్ల అడుగులు లెక్కపెట్టెడిదట. నేటికిని లెక్కపెట్టును.

ఆమె చేతిలో నున్న పని 'మందుల పెట్టె'. అత్తగారికి రక్తపుపోటు, మామగారికి మధుమేహము. ఎవరి మందు ఎపుడు, పెట్టెలో ఎన్ని మిగిలినవి, గడువు ఎపుడు తీరును, ఈ మూడింటిని చెప్పునది. పాల పద్దువలె గాక దీనికి కొద్ది వెల పెట్టవలెనని ఆమె యాశ. ఇంటింట అవసరమైనది, ఏటేట సవరింపవలసినది. ఉచితముగా ఎంతకాలము మోయగలదు? ఇచటనే రెండు చిక్కులు వచ్చిపడినవి.

మొదటిది పరీక్షకులు. 2023 నవంబరు 13 తరువాత వ్యక్తిగతముగా ఖాతా తెఱచినవారు, ప్రతి యాప్‌ను అంగడిలో అందఱికి పెట్టుటకు ముందు 20 మందిచేత పరీక్షింపజేయవలెనని గూగులు వారు నియమము చేసిరి. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12 కు తగ్గించిరి. ఆ పండ్రెండుగురు 14 దినములు ఎడతెగక పరీక్షలో నుండవలెను. పాల పద్దు నాటికి 20 మంది నియమమే యుండెను. ఖచ్చితముగా 20 మందిని కూర్చినది. పదునొకండవ దినమున ఒక పొరుగింటి కుమారుడు, తల్లి ఫోనులో చోటు చాలలేదని, ఆ యాప్‌తోపాటు పరీక్షలోని ఆమె పేరును కూడ తీసివేసెను. మఱియొకరిని చేర్చుకొని, ఆమెకు 14 దినములు నిండువఱకు మరల కాచుకొనవలసి వచ్చెను.

ఈసారి పండ్రెండుగురే కదా యని సులభముగా కుదురుననుకొన్నదట. చేరుటకు ఎవరి జీమెయిలు చిరునామా వారికుండవలెను. వీథిలోని సోదరీమణుల నడుగగా సగముమందికి పైగా తమ జీమెయిలు పేరేమో తెలియదనిరి. ఫోను కొన్ననాడు దుకాణములో కుఱ్ఱవాడు పెట్టినది, లేదా భర్త పెట్టినది. రహస్యపదము ఎవరికిని జ్ఞాపకము లేదు. దినమునకు ఇరువదిసార్లు చేతబట్టుకొను ఫోనునకు తాళపుచెవి ఇతరులయొద్ద నున్నది! ఆ ఫోను పోయినచో పిల్లల ఛాయాపటములు, చుట్టముల సంఖ్యలు పోవుటయే. చదువరులైన సోదరీమణులు ఈ పుట ముగించిన వెంటనే తమ ఫోను సెట్టింగులలో గూగుల్ అను చోట నొక్కి, అచట కనబడు చిరునామాను చూచికొని వ్రాసిపెట్టుకొనవలెను. రహస్యపదము తెలియనిచో ఇంటిలో తెలిసినవారిచే నేడే మార్పించుకొనుడు. ఈమె నాలుగు మధ్యాహ్నములు ఇల్లిల్లు తిరిగి ఆ పనియే చేసినది. యాప్ మాట యట్లుండగా, ఏడుగురికి తాళపుచెవులు చేతికి వచ్చినవి.

రెండవ చిక్కు పెద్దది. వ్యక్తిగత ఖాతాతో ఉచితముగా యాప్ నిచ్చువారి పేరు, దేశము, ఈమెయిలు మాత్రమే అంగడిలో కనబడును. వెల పెట్టి అమ్మినచో పూర్తి చిరునామా, అనగా ఇంటి నంబరుతో సహా, లోకమునకంతటికి కనబడును. కార్యాలయము గలవారికి ఇది యొక లెక్కలోనిది కాదు. కుట్టుమిషను బల్లయే కార్యాలయమైన స్త్రీకి?

ఈ విషయమై ఆ యింట వాదము నడచుచునే యున్నది. భర్తకు ఇందులో భయపడదగినది కనబడుట లేదు. అత్తగారు, "మా ఊళ్ళె ఎవరి ఇల్లేదో అందరికీ ఎర్కనే, ఎవరేం జేసిన్రు?" అని మా యెదుటనే యనిరి. దానికి కోడలు మెల్లగా, "ఊరిలో మనలను ఎఱిగినవారికి ఇల్లు తెలియును అత్తయ్యా. ఇందులో మనమెఱుగనివారికి తెలియును" అనెను. పాలధర తప్పినందుకే ఒక పూట యన్నము మాన్పించునంతటి యుత్తరము వచ్చినదే, మందు వేళ తప్పినదని కోపగించువాడు ఉత్తరముతో నూరకుండునా యని ఆమె శంక. వీథుల పేర్లన్నిటిని తానే పటములో వ్రాసిన యామె తన యింటిని మాత్రము పేరులేని గడిగా విడిచినది.

కొనువానికి అమ్మువాని జాడ తెలియవలెననుట న్యాయమే. మోసగాండ్రు మెండైన కాలము. అట్లని ఆ జాడను గోడమీద వ్రాయవలెనా? వంతు పుచ్చుకొను అంగడివారే చిరునామాను తమయొద్ద నుంచుకొని, ఫిర్యాదు కలిగినవానికి మాత్రము తెలుపుట చాలదా? మేము ఆమె పక్షమే. ఉపాయము లేకపోలేదు. వ్యక్తిగా గాక సంస్థగా నమోదైనచో సంస్థ చిరునామాయే కనబడును. పండ్రెండుగురి నియమమును ఉండదు. అందులకు డన్స్ సంఖ్య యను తొమ్మిదంకెల గుర్తును సంపాదించి, వ్యాపారపు కాగితములు చూపి, ఇల్లు గాని యొక చోటు చూచుకొనవలెను. హబ్సిగూడలో పదిమంది కలిసి పనిచేయుచోట ఒక బల్లను అద్దెకు విచారించినదట. ఆ యద్దె మందుల పెట్టె తేగల సొమ్మును మించుచున్నది. తెలంగాణ ప్రభుత్వము స్త్రీల వ్యాపారములకై 2018 లో వీ-హబ్ అను సంస్థను నెలకొల్పినది గదా, అచట అడిగి చూడుమంటిమి. ఆ సోమవారమే పోవుదుననెను. అంతవఱకు మందుల పెట్టెను వెల లేకయే ఇత్తునని నిశ్చయించుకొన్నది. ఆ మాట చెప్పునపుడు ఆమె ముఖమున సంతోషమేమియు లేదు.

లేచి వచ్చుచుండగా సిగ్గుపడుచు ఒక చీటీ చూపెను. పదునొకండు పేర్లున్నవి. పండ్రెండవది మేము వ్రాసితిమి. అప్పటినుండి మేము ఉదయము ఒకసారి, రాత్రి ఒకసారి ఆ యాప్‌ను తెఱచి చూచుచునే యున్నాము. అయిదవ నాడు ఒక లోపము కనిపెట్టి గర్వముతో ఫోను చేసితిమి. ఆమె నవ్వి, అంతకంటె పెద్దది అత్తగారు మొదటినాడే కనిపెట్టిరని చెప్పెను. తెరమీద 'మాత్ర వేసికొను వేళ' యని యుండగా ఆమె చదివి, "మాత్ర ఏందే? గోలి అని రాయరాదు?" అనిరట. భువనగిరిలో గోలి, బెజవాడలో బిళ్ళ, పుస్తకములలో మాత్ర. మూడును ఉండునట్లు, ఎవరికి కావలసిన మాటను వారు ఎంచుకొనునట్లు ఆ రాత్రియే మార్చినదట. మా ఫోనులో ప్రస్తుతము 'బిళ్ళ' యని యున్నది. పదునాలుగు దినములలో ఇంకను తొమ్మిది మిగిలినవి.